చిన్నప్పటి బొమ్మను నడిపించడం: లెక్కల నోట్సు చివరి పేజీ నుంచి 90 సెకన్ల యానిమేషన్ దాకా

తొమ్మిదేళ్ళప్పుడు లెక్కల నోట్సు చివరి పేజీలో నేనొక బావిని గీశాను. ఒర మీద గిలక, గిలకకు చేంతాడు, చేంతాడు చివర బొక్కెన. అంతవరకూ మామూలు బావే. కింద మాత్రం దానికి రెండు కాళ్ళు, కాళ్ళకు చెప్పులు. అనంతపురం దగ్గర మా ఊళ్ళో అటక మీది ట్రంకుపెట్టెలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న ఆ నోట్సు, ఇల్లు సర్దుతుంటే బయటపడింది. ఒక మూల చెదలు తినేసింది. బావి మాత్రం అలాగే ఉంది.

ఆ బావిని 90 సెకన్ల యానిమేషన్‌గా తీశాను. నేను స్టూడియోలో పనిచేసే మనిషిని కాదు. పగలు ఆఫీసు, రాత్రి బొమ్మలు. తొమ్మిది నెలలు పట్టింది. మీ దగ్గర కూడా అలాంటి పేజీ ఒకటి ఉంటే, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఏం చేయాలో వరసగా చెబుతాను. ముందుగా ఒక్క మాట: చిన్నప్పటి బొమ్మను బాగుచేయకండి. మనకు తప్పుగా కనిపించే చోటే ఆ పిల్ల లేదా పిల్లాడు ఏదో చెప్పి ఉంటారు. మిమ్మల్ని మీరు తెలుసుకునే కథ తీయాలనుకుంటే అది దొరికేది అక్కడే. దీన్ని నేనూ పూర్తిగా పాటించలేదు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

1. సరైన బొమ్మను ఎంచుకోండి

పాత నోట్సులు, డైరీలు, బంధువుల ఇళ్ళలోని ఆల్బమ్‌లు, అమ్మ దాచిన ప్రోగ్రెస్ కార్డుల కట్ట, అన్నీ చూడండి. దొరికిన వాటిలో అందంగా ఉన్నదాన్ని పట్టుకోకండి. మా తరంలో బొమ్మలు వేసే పిల్లలందరం చందమామలో శంకర్ గారి విక్రమార్కుడిని చూసి దించినవాళ్ళమే. నా దగ్గర అవే పదిహేను దొరికాయి. చేయి బాగానే తిరిగింది, కానీ ఆ చూపు నాది కాదు. ఎవరినీ చూడకుండా, ఎవరూ అడగకుండా, క్లాసులో పాఠం జరుగుతుంటే చివరి పేజీలో గీసుకున్నది వెతకండి. ఒకే ఆలోచన రెండు మూడు చోట్ల మళ్ళీ మళ్ళీ వచ్చిందంటే ఇంకా మంచిది.

బొమ్మ పోయిందా? అయినా పరవాలేదు. కూర్చుని జ్ఞాపకం నుంచి గీయండి, చేతివాటం లేని చేత్తో. కుడిచేతివాటం వాళ్ళయితే ఎడమచేత్తో. పెద్దయ్యాక నేర్చుకున్న సొగసు ఆ చేతికి తెలియదు కాబట్టి గీత నిజాయితీగా పడుతుంది.

దొరికిన పేజీని కలర్‌లోనే స్కాన్ చేయండి. బొమ్మ పెన్సిల్‌దే అయినా బ్లాక్ అండ్ వైట్ పెట్టవద్దు, కాగితం పసుపు రంగు పోతుంది. 600 డీపీఐ పెట్టండి, అంటే అంగుళానికి 600 చుక్కలు. బొమ్మ 4 అంగుళాల వెడల్పు ఉందనుకుంటే 2400 పిక్సెల్స్ వస్తాయి. ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు 1920 కాబట్టి, కాస్త దగ్గరికి వెళ్ళి చూపించాలన్నా సరిపోతుంది. జిరాక్స్ షాపులో స్కాన్ చేయిస్తే వాళ్ళు మామూలుగా తక్కువ డీపీఐలో పీడీఎఫ్ చేసి ఇచ్చేస్తారు, 600 కావాలని ముందే అడగండి. ఫోన్‌తో తీయాల్సి వస్తే కిటికీ పక్కన నీడలో, ఫ్లాష్ లేకుండా, ఫోన్ పేజీకి సరిగ్గా సమాంతరంగా పట్టుకుని తీయండి. పేజీ వెనకవైపూ తీసుకోండి.

మరకలు, నలుసులు, చెరిపిన గుర్తులు ఏవీ తుడవకండి.

2. బొమ్మలో ఏముందో రాయండి, అర్థం రాయకండి

ఒక తెల్లకాగితం తీసుకుని, బొమ్మలో కంటికి కనిపించేవన్నీ జాబితా రాయండి. “ఒంటరితనం”, “స్వేచ్ఛ” లాంటి మాటలు రాయకూడదు. కనిపించేవి మాత్రమే. నా జాబితా ఇలా ఉంది:

బావి నోటి లోపల పెన్సిల్‌తో నల్లగా నలిపేసి ఉంది, కాగితం చిరిగేంత గట్టిగా. వెనక అట్ట మీద కూడా గుంత పడింది. నీళ్ళు గీయలేదు. గిలక ఉంది, గిలకను మోసే స్తంభం ఒకటే ఉంది, రెండోది లేదు. కాళ్ళు సన్నగా ఉన్నాయి. ఎడమకాలి చెప్పు చాలా పెద్దది, కుడికాలిది చిన్నది. పెద్ద చెప్పు మీద ఒక చుక్క ఉంది, పెన్సిల్ జారిందేమో. చుట్టూ మనుషులు లేరు. నేల గీయలేదు, నోట్సు గీతే నేల.

ఈ పని అరగంటలో అయిపోతుంది, కానీ కథంతా దీనిలోంచే వస్తుంది. జాబితా అయ్యాక ఆ రోజుల్లో మీతో ఉన్నవాళ్ళకు ఫోన్ చేయండి. “ఈ బొమ్మకు అర్థమేంటి?” అని అడిగితే ఎవరూ చెప్పలేరు. “ఆ ఏడు మనింట్లో ఏం జరుగుతుండేది?” అని అడగండి. మా అమ్మ వెంటనే అంది: “ఆ ఏడు బాయిలో నీళ్ళు అడుగంటిపోయినాయి కదమ్మే. ఊరవతలికి పోయి తెస్తాంటిమి.” మా జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఒక ఏడు అది కూడా పడకపోతే బావుల సంగతి చెప్పక్కర్లేదు. నీళ్ళు ఎందుకు గీయలేదో నాకు అప్పుడు తెలిసింది. చెప్పుల సంగతి ఇంకా తెలియలేదు.

3. కథ రాయకముందే నడక గీయండి

చాలా పాఠాల్లో ముందు స్క్రిప్టు, తర్వాత స్టోరీబోర్డు (షాట్లను వరసగా గీసుకున్న చిత్తు బొమ్మలు), తర్వాతే బొమ్మ కదలడం అని చెబుతారు. పెద్ద టీములకు అది సరైన పద్ధతే. సొంత జ్ఞాపకం మీద ఒంటరిగా పనిచేసేవాళ్ళు మాత్రం కథకు ముందే ఒక చిన్న కదలిక గీసి చూడాలని నేను గట్టిగా చెబుతాను. నడక, లేదా లేచి నిలబడడం, లేదా తల తిప్పడం. శరీరానికి గుర్తున్నవి కొన్ని ఉంటాయి, అవి రాస్తే రావు.

నడక లెక్క ఇదీ. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే తెర మీద వెంటవెంటనే మారే 24 నిశ్చల చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచితే సెకనుకు 12 బొమ్మలు చాలు. చేత్తో గీసే యానిమేషన్‌లో ఎక్కువ భాగం ఇలాగే నడుస్తుంది. మామూలు మనిషి ఒక అడుగుకు సుమారు 12 ఫ్రేములు, అంటే 6 బొమ్మలు. ఎడమ, కుడి రెండు అడుగులు కలిపి 12 బొమ్మలు గీస్తే అదే తిరిగి తిరిగి వాడుకోవచ్చు. ప్రతి అడుగులో నాలుగు ముఖ్యమైన భంగిమలు: మడమ నేలకు తగలడం, బరువు పడి ఒళ్ళు కిందికి దిగడం, రెండో కాలు పక్క నుంచి దాటడం, ఒళ్ళు పైకి లేవడం. ముందు ఈ నాలుగే గీయండి, మధ్యవి తర్వాత. సాఫ్ట్‌వేర్‌లో ఆనియన్ స్కిన్ అని ఉంటుంది. వెనకటి బొమ్మ, ముందరి బొమ్మ పలచగా కనిపిస్తాయి, వాటి మధ్య గీయవచ్చు.

బావి రాతిది, బరువైనది. అందుకని అడుగుకు 16 ఫ్రేములు పెట్టాను, కిందికి దిగిన భంగిమను కాస్త ఎక్కువసేపు ఆపాను. బొక్కెన మాత్రం ఒంటికంటే రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా ఊగాలి. ఒళ్ళు ఆగాక కూడా అది ఊగుతూ ఉండాలి. ఈ ఆలస్యం లేకపోతే రాయి, తాడు, ఇనుము అన్నీ ఒకే అట్టముక్కలా కదులుతాయి.

ఎంత గీసినా నడక కుదరలేదు. ఎడమకాలు పెద్ద చెప్పుతో ఈడుస్తోంది, కుడికాలు తొందరపడుతోంది, కుంటుతున్నట్టుంది. రెండు చెప్పులూ సమానం చేసేద్దామనుకున్నాను. చివరికి నేనే ఒక పెద్ద సైజు చెప్పు ఎడమకాలికి తొడిగి, ఫోన్ కింద పెట్టి వీడియో తీసుకుంటూ ఫ్లాట్ కారిడార్‌లో నడిచాను. మీరూ ఏ కదలిక గీసినా ముందు ఒంటితో చేసి వీడియో తీసుకోండి. నాలుగో అడుగుకే కాలివేళ్ళు వాటంతట అవే ముడుచుకుని చెప్పును పట్టుకున్నాయి, జారిపోకుండా. ఆ ముడుచుకోవడం నా కాలికి ముందే తెలుసు.

అమ్మకు మళ్ళీ ఫోన్ చేశాను. “మీ నాయన బెంగళూరికి పనికి పోయినప్పుడు ఆయన పాత చెప్పు ఒకటి ఇంట్లో ఉండె. అదేసుకుని నీళ్ళకు పోతాంటివి. తీయమంటే తీస్తాంటివా?” అంది. రెండోది ఏమైందో అమ్మకూ గుర్తులేదు. ఒక కాలికి నాయన చెప్పు, ఒక కాలికి నాది.

అప్పటిదాకా నా దగ్గరున్న కథ, ఎండిపోయిన బావి నీళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి నిండిపోయి తిరిగి రావడం. ఆ రాత్రి దాన్ని వదిలేశాను.

4. ఒక్క వాక్యంలో కథ, అందులో కనిపించే మార్పు

“తనను తాను తెలుసుకోవడం” మీద తీసే చిన్న సినిమాలు ఎక్కువగా ఒకేచోట దెబ్బతింటాయి. చివర్లో ఒక గొంతు వచ్చి, నేనెవరో నాకు తెలిసింది అని చెప్పేస్తుంది. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. దీనికి నేను పెట్టుకున్న నియమం: పాత్రకు ఏం తెలిసిందో మాటల్లో చెప్పకూడదు, మొదటి షాట్‌లో ఒకలా చేసిన పనిని చివరి షాట్‌లో ఇంకోలా చేయాలి. నడిచే తీరు, కూర్చునే తీరు, తలుపు తీసే తీరు, ఏదైనా సరే.

కాగితం మీద ఈ మూడూ పూరించుకోండి. పాత్ర బయటికి ఏం కోరుతోంది? దానికి తెలియకుండా ఏం మోస్తోంది? చివర్లో దేన్ని కింద పెడుతుంది?

నా జవాబులు కలిపితే కథ ఇలా వచ్చింది: ఊళ్ళో అందరూ వంగి తమ ముఖం చూసుకునే ఒక బావి, ఎండిపోయాక నీళ్ళు వెతుకుతూ బయలుదేరి, ఒక చెరువులో మొదటిసారి తన రూపం తానే చూసుకుని, తన కాలికి ఉన్నది తనది కాని చెప్పు అని గమనించి, దాన్ని గట్టున విడిచి ఒట్టికాలితో నడిచి వెళుతుంది. మొదట్లో కుంటుతుంది, చివర్లో కుంటదు. నీళ్ళు దొరికాయా లేదా అనేది నేను చూపించలేదు.

మీ కథలో జరిగింది బాధాకరమైనదైతే, దాన్ని పూర్తిగా చూపించాల్సిన బాధ్యత మీకు లేదు. ఇంట్లోవాళ్ళ విషయాలు వచ్చినప్పుడు వాళ్ళను అడగండి. బావికి వేసిన చెప్పు నాయనదని తెలిశాక, తీయనా అని నాయనను అడిగాకే మొదలుపెట్టాను.

5. నిడివి లెక్క

ఇక్కడే చాలామంది మధ్యలో ఆపేస్తారు, అందుకే పెన్ను పట్టుకుని లెక్క వేయండి. 90 సెకన్లు, సెకనుకు 12 బొమ్మలు: 1080 బొమ్మలు. బొమ్మకు 15 నిమిషాలు వేసుకుంటే 270 గంటలు. రోజూ గంటన్నర కూర్చుంటే 180 రోజులు. జ్వరాలు, పెళ్ళిళ్ళు, ఆఫీసు డెడ్‌లైన్లు ఇందులో లేవు. అయిదు నిమిషాల సినిమా అనుకుంటే ఇదే లెక్కన 3600 బొమ్మలు. మొదటిసారి చేసేవాళ్ళు 60 నుంచి 90 సెకన్లు దాటవద్దు.

తగ్గించుకునే దారులు ఉన్నాయి. రెండు అడుగుల నడక వరసను (నడక సైకిల్ అంటారు) ఒకసారి గీసి పదిసార్లు వాడవచ్చు. దూరపు షాట్‌లో బొమ్మ కదలకుండా నేపథ్యం కదిలించవచ్చు. పాత్ర ఆలోచిస్తున్నప్పుడు నిశ్చలంగా ఉంచవచ్చు, నిజానికి అక్కడ కదలకపోవడమే బాగుంటుంది. ఇవన్నీ వాడితే నేను కొత్తగా గీయాల్సినవి 430 బొమ్మలకు తగ్గాయి.

6. స్టోరీబోర్డు, యానిమాటిక్

స్టిక్కీ నోట్స్ కట్ట ఒకటి కొనండి. ఒక్కో షాట్‌కు ఒక్కో చీటీ, ఒక్కో చీటీకి రెండు నిమిషాలకు మించి పెట్టవద్దు. గోడకు అతికించి, పీకి, మార్చి, చింపి చూడండి. నాకు 26 చీటీలు తేలాయి, మొదట 41 ఉన్నాయి.

తర్వాత వాటిని ఫోటో తీసి ఏదైనా వీడియో ఎడిటర్‌లో వరసగా పెట్టి, ఏ షాట్ ఎన్ని సెకన్లో తేల్చండి. దీన్నే యానిమాటిక్ అంటారు. కంప్యూటర్‌లో కేడెన్‌లైవ్ ఉచితం, దావించీ రిజాల్వ్‌కూ ఉచిత వెర్షన్ ఉంది. నోటితో చేసిన శబ్దాలే రికార్డు చేసి కలపండి. ఇప్పుడు కథ తెలియని ఒకరికి చూపించి మీరు పక్కన మౌనంగా కూర్చోండి. వివరించాలనిపిస్తుంది, ఆగాలి. అయ్యాక “నచ్చిందా?” అని అడగకండి, “ఏం జరిగింది?” అని అడగండి. నా స్నేహితురాలు మొదటిసారి “బావికి కాలు నొప్పి” అంది. చెప్పు పెద్దదని ఆమె చూడనే లేదు. పక్కపక్కన రెండు చెప్పులూ కనిపించే క్లోజప్ ఒకటి కలిపాక ఆ గొడవ తీరింది. యానిమాటిక్‌లో ఒక షాట్ మార్చడానికి పది నిమిషాలు, గీశాక మార్చాలంటే పది రోజులు. అందుకే ఈ మెట్టు మీద నెల రోజులు ఉన్నా నష్టం లేదు.

7. గీత, పరికరం, పద్ధతి

పాత్రకు ముందు, పక్క, వెనక వైపులు ఒకే పేజీలో గీసుకోండి. దీన్ని మోడల్ షీట్ అంటారు. స్కాన్ పక్కనే తెరిచి పెట్టుకుని, చిన్నప్పటి కొలతలే వాడండి. నా బావికి స్తంభం ఒకటే, అలాగే ఉంచాను. గిలక గాల్లో వేలాడుతుంది, చూసినవాళ్ళెవరూ అది తప్పని అనలేదు.

పిల్లల గీత వణుకుతూ ఉంటుంది. ఆ ప్రాణం నిలవాలంటే, నిశ్చలంగా ఉన్న బొమ్మను కూడా మూడుసార్లు విడివిడిగా గీసి, ఒక్కోటీ రెండు ఫ్రేముల చొప్పున తిప్పండి. గీత కొద్దిగా కదులుతూ ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. మూడు బొమ్మల మధ్య తేడా వెంట్రుకవాసిలో ఉండాలి. ఎక్కువైతే కళ్ళు లాగుతాయి.

పరికరాల గురించి టెన్షన్ పడకండి. ఉచిత సాఫ్ట్‌వేర్‌లే చాలు. బొమ్మలు వేయడం ఇష్టమున్నవాళ్ళకు క్రిటా హాయిగా ఉంటుంది. మరీ తేలికగా మొదలుపెట్టాలంటే పెన్సిల్‌టూడీ. ఓపెన్‌టూన్జ్ నేర్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది, కానీ జపాన్ స్టూడియో జిబ్లీ వాడిన టూన్జ్ సాఫ్ట్‌వేర్ నుంచే అది 2016లో ఉచితంగా బయటికి వచ్చింది. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో కూడా చేత్తో గీయడానికి గ్రీజ్ పెన్సిల్ అనే విభాగం ఉంది. లాట్వియా దర్శకుడొకరు చిన్న బృందంతో బ్లెండర్‌లో తీసిన ‘ఫ్లో’ సినిమా 2025లో ఆస్కార్ అందుకుంది కాబట్టి, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏమవుతుందన్న అనుమానం పెట్టుకోనక్కర్లేదు. కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో ఫ్లిపాక్లిప్ చాలు. పెన్ ట్యాబ్లెట్ చిన్నది ఒకటి ఉంటే మౌస్ బాధ తప్పుతుంది, స్క్రీన్ ఉన్న ఖరీదైనది మొదట్లోనే కొనకండి.

పద్ధతులు రెండు. ఒకటి ప్రతి బొమ్మా చేత్తో గీయడం. రెండోది కటౌట్: చేయి, కాలు, ఒళ్ళు విడివిడి లేయర్లుగా (పొరలుగా) గీసి, కీళ్ళ దగ్గర తిప్పడం. రెండోదాన్ని నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి బొమ్మను చేతిలోకి తీసుకుని చూస్తే భుజం, మోచేయి, నడుము వేర్వేరు తోలుముక్కలు. ఒకదాని మీద ఒకటి గుండ్రంగా పడేలా కోసి, కన్నం చేసి దారంతో ముడేసి ఉంటాయి. ఆ గుండ్రని ముక్క వల్లనే చేయి ఎంత తిప్పినా కీలు దగ్గర సందు కనిపించదు. కంప్యూటర్‌లో చేయాల్సింది సరిగ్గా అదే. రెండు లేయర్లూ కీలు దగ్గర ఒకే మధ్యబిందువుతో గుండ్రంగా ముగియాలి, తిరిగే బిందువు ఆ మధ్యలోనే పెట్టాలి. జర్మనీలో లోటే రైనిగర్ 1926లోనే కత్తిరించిన నీడబొమ్మల కీళ్ళు ఇలా తిప్పుతూ పూర్తి నిడివి సినిమా తీసింది.

నేను దూరపు షాట్లన్నీ కటౌట్‌లో చేశాను. చెరువులో తనను తాను చూసుకోవడం, చెప్పు విడవడం, ఈ రెండూ చేత్తోనే గీశాను. మనసు పెట్టాల్సిన చోట చేత్తో గీయండి, దారి నడిచే చోట కటౌట్ వాడండి.

8. అసలు పని: రోజూ ఎలా సాగాలి

మొదటి షాట్‌తో మొదలుపెట్టవద్దు. మొదట్లో చేయి తడబడుతుంది, చివర్లో అలసిపోతుంది. మధ్యలోని ఒక సులువైన షాట్‌తో మొదలుపెట్టి, చేయి కుదిరాక అతి ముఖ్యమైన షాట్ చేసి, ఆ తర్వాత మిగిలినవి చేయండి. నేను చెప్పు విడిచే షాట్ మూడో నెలలో చేశాను.

ఒక్కో షాట్‌లో ముందు ముఖ్య భంగిమలు, తర్వాత వాటి మధ్య మలుపులు, ఆ తర్వాతే మిగిలినవి. ఏ పనైనా మెల్లగా మొదలై, వేగం అందుకుని, మెల్లగా ఆగుతుంది. కాబట్టి మొదట్లో, చివర్లో బొమ్మలు దగ్గరదగ్గరగా, నడుమ దూరదూరంగా ఉండాలి. చెప్పు విడిచే షాట్ నాలుగు సెకన్లు. అందులో మొదటి సెకనున్నర కాలివేళ్ళు ముడుచుకునే ఉంటాయి, తర్వాత ఒక్కో వేలు విచ్చుకుంటుంది, బొటనవేలు చివరన. ఆ అయిదు వేళ్ళకే పదకొండు రోజులు పట్టింది. అలాంటి చోట ఆలస్యమవుతున్నా తొందరపడకండి, సినిమా మొత్తం నిలబడేది అలాంటి ఒకటి రెండు చోట్లే.

రోజు పని ముగించేటప్పుడు ఒక బొమ్మ సగంలో వదిలేయండి. మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచించే పని ఉండదు.

9. రంగు, నేపథ్యం

రంగులు తక్కువ పెట్టుకోండి. స్కాన్‌లోని పాత కాగితాన్నే నేపథ్యంగా వాడాను, నోట్సు నీలిగీతల్లో ఒకటి నేల అయింది. పెన్సిల్ బూడిదరంగు, కాగితం పసుపు, చెప్పు నలుపు. నీళ్ళ నీలం చెరువు దగ్గర ఒక్కసారే వస్తుంది. అప్పటిదాకా తెర మీద ఎక్కడా నీలం రాకూడదనుకున్నాను, కానీ నోట్సు గీతలే నీలం! వాటి రంగు కొంచెం తగ్గించి బూడిదలోకి దించాల్సి వచ్చింది. చెరువు దగ్గర మాత్రం ఆ గీతలను మళ్ళీ నీలంగా మార్చి, అవే అలలుగా కదిలేలా చేశాను.

10. శబ్దం

సగం సినిమా శబ్దమే. ఫోన్ రికార్డర్ చాలు, కానీ రాత్రి పూట, ఫ్యాన్ ఆపి, పరుపులు దుప్పట్లు ఉన్న గదిలో రికార్డు చేయండి. ప్రతిసారీ ఏ శబ్దమూ చేయకుండా ఒక అర నిమిషం గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయండి. శబ్దాలు సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో వెనకాల హోరు తీసేయడానికి ఆ ముక్కే నమూనాగా పనికొస్తుంది.

హైదరాబాద్‌లో నాకు గిలక దొరకలేదు, తుప్పుపట్టిన గేటు కీచుమనడం వాడుకున్నాను. రాతి బావి అడుగులకు రోట్లో పొత్రం తిప్పిన శబ్దం. చెప్పు ఈడ్చిన శబ్దం మాత్రం నిజమైనదే. సినిమా పాటలు వాడకండి, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. ఇంట్లోవాళ్ళ కూనిరాగం ఎంతో మేలు. చివరి పది సెకన్లలో మా అమ్మ చెరువు గట్టున కూర్చుని ఏదో తనలో తాను అనుకుంటుంటే రికార్డు చేసింది ఉంది, మాటలు వినిపించవు, గొంతు మాత్రం వినిపిస్తుంది.

11. ఫైళ్ళు

నాలుగో నెలలో నా హార్డ్‌డిస్క్ ఆగిపోయింది. రిపేర్ షాపువాళ్ళు డేటా రాదన్నారు. 140 బొమ్మలు, అయిదు వారాల పని. అప్పటినుంచి మూడు కాపీలు: కంప్యూటర్‌లో ఒకటి, విడి డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. ప్రతి ఆదివారం అలారం పెట్టుకుని కాపీ చేసేదాన్ని.

చివర్లో నేరుగా వీడియోగా కాకుండా ముందు పీఎన్‌జీ ఫ్రేముల వరసగా, అంటే ఒక్కో ఫ్రేమ్ ఒక్కో బొమ్మ ఫైలుగా, ఎగుమతి చేయండి. మధ్యలో కంప్యూటర్ ఆగినా అప్పటిదాకా వచ్చిన ఫ్రేములు పోవు, ఒక్క ఫ్రేమ్ పాడైతే అదొక్కటే మళ్ళీ తీయవచ్చు. ఆ ఫ్రేములను 1920×1080, 24 ఫ్రేములు, హెచ్.264 ఎంపీ4 వీడియోగా మార్చుకుంటే అన్నిచోట్లా ఆడుతుంది.

12. చూపించడం

పండగకు కొత్త బట్ట వేసుకున్నట్టు వెంటనే యూట్యూబ్‌లో పెట్టేయాలనిపిస్తుంది. కొంచెం ఆగండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఉన్న సినిమాలను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. ముంబై అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో యానిమేషన్‌కు విభాగం ఉంది, 1960 నుంచి జరుగుతున్న ఫ్రాన్స్‌లోని అన్నెసీ యానిమేషన్ పండగ ప్రపంచమంతా చూసేది. ఎక్కడికి పంపినా నియమాలు, ఫీజు, గడువు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే చదువుకుని పంపండి. మాటలుంటే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. మాటలు లేకుండా తీస్తే ఆ పనీ తగ్గుతుంది.

వాటన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్ళకు పంపండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

అమ్మ రెండుసార్లు చూసి ఏమీ అనకుండా ఫోన్ నాయనకిచ్చింది. నాయన గడపలో నిలబడే చూశాడు. చెప్పు గట్టున పడి ఉండే చివరి షాట్ దగ్గర ఆపి, ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడట. తర్వాత నాకు ఫోన్ చేసి, “మేకేదిమ్మా?” అన్నాడు.

“ఏ మేకు నాయనా?”

“దానికి పట్టీ తెగింటే మేకు కొట్టించింటి కదా. అది లేదే.”

స్కాన్ తెరిచి ఎడమకాలి చెప్పు దగ్గరికి వెళ్ళాను. పెన్సిల్ జారిందనుకుని మోడల్ షీట్‌లో వదిలేసిన చుక్క, పట్టీ చెప్పుకు కలిసే చోట సరిగ్గా ఉంది. జారిన గీత కాదు, గుండ్రంగా తిప్పి తిప్పి పెట్టినది.

ఆ రాత్రే మేకు గీయడం మొదలుపెట్టాను. కటౌట్ షాట్లలో చెప్పు లేయరు ఒక్కటి మారిస్తే సరిపోయింది. చేత్తో గీసిన షాట్లలో చెప్పు కనిపించే 38 బొమ్మలకు విడివిడిగా పెట్టాల్సి వచ్చింది. నాలుగు రాత్రులు పట్టింది. మళ్ళీ ఎగుమతి చేసి, మళ్ళీ డాక్యుమెంట్‌గా పంపాను.